కొసరు, కాటా, వాటా

మా తాత పద్దు పుస్తకంలో మనుషుల పేర్లు లేవు, ఊళ్ళ పేర్లే ఉన్నాయి. సప్పర్ల, ధారకొండ, దుప్పిలవాడ, గుమ్మిరేవుల, జర్రెల. ఊరికో పేజీ. ఎడమ పక్క ఉప్పు, పొగాకు, గుడ్డ, ఎండుచేపలు. కుడి పక్క చింతపండు, పసుపు, పిప్పళ్ళు, వలిసెలు. లెక్కంతా కుంచాలు, అడ్డలు, మానికల్లోనే. రూపాయి ఎక్కడో గాని కనపడదు. బాకీ ఎవడిదో ఎలా తెలిసేదని చిన్నప్పుడు అడిగాను. "ఊరికిచ్చినట్టేరా. ఒకడికి పంట పోతే అన్నదమ్ముడు తెచ్చిస్తాడు. ఫలానా ఊరు సావుకారి బాకీ ఎగ్గొట్టిందంటే వాళ్ళకి నామోషీ" అన్నాడు.

మాది కృష్ణదేవిపేట. తాత అక్కణ్ణుంచి కొండెక్కి గూడెం మీదుగా సంతలు తిరిగిన చిన్న వర్తకుడు. నాన్న వ్యాపారం వదిలేసి సీలేరు ప్రాజెక్టులో స్టోరు గుమాస్తాగా చేరాడు. నేను ఆ కాలనీలో పెరిగి, ఆ చుట్టుపక్కల బళ్ళలోనే పంతులుగా పనిచేసి రిటైరయ్యాను. కాబట్టి ఈ కథలో నేను ఎటు పక్కవాణ్ణో పాఠకులకి ముందే తెలియడం మంచిది. సావుకారి మనవణ్ణి. ఉద్యోగం, స్నేహాలు, పెళ్ళిళ్ళకి పిలుపులు అన్నీ సావుకారి బాకీపడ్డ ఊళ్ళతో.

సరుకు కొనేవాళ్ళని ఒక్క గుంపుగా కట్టి, ఆ గుంపుకీ మేలు, దుకాణానికీ మేలు అనిపించడం ఇప్పటి వ్యాపారులు కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడతారు. సీలేరు దారిలో ఆ ప్రయత్నం నూరేళ్ళకి పైగా జరుగుతోంది. మొదట చేసినవాడు సావుకారి, తరవాత సర్కారు, ఇప్పుడు కాఫీ రైతులు తామే చేసుకుంటున్నారు. ముగ్గురికీ ఎదురైన విశేషం ఒక్కటే. పల్లపు ఊళ్ళో దుకాణానికి సరుకు ఒకడు తెస్తాడు, ఇంకొకడు కొంటాడు. కొండమీద ఆ ఇద్దరూ ఒక్కరే. చింతపండు కావిడి దించిన మనిషే ఉప్పు మూట ఎత్తుకుని వెళతాడు. రెండు బేరాలూ ఒక్క చోటే, ఒక్క పూటే. వాటిలో ఏ ఒక్క దానిలోనైనా మోసపోతే రెండోది ఎంత బాగా జరిగినా మిగిలేది లేదు.

ఉప్పుతోనే మొదలెట్టాలి, ఎందుకంటే తిండిలో కొండమీద దొరకనిది అదొక్కటే. తిండికి చోళ్ళు, సామలు, కందులు పోడులో పండుతాయి. తేనె, దుంపలు, జీలుగు కల్లు అడవి ఇస్తుంది. ఉప్పు మాత్రం సముద్రం నుంచి రావాలి. రోడ్లు లేని కాలంలో బ్రింజారీలు పెరికె ఎడ్ల మీద ఉప్పు వేసుకుని జయపురం దాకా పోయేవాళ్ళు, తిరుగుదారిలో కొండసరుకు దింపేవాళ్ళు. మా తాతలాంటివాళ్ళు ఆ పెద్ద దారికి పిల్లదారులు. ఎడ్లు నాలుగో అయిదో ఉండేవి. మన్యం జ్వరానికి భయపడి పల్లపువాళ్ళు చాలామంది వానలు తగ్గాకగాని కొండెక్కేవాళ్ళు కాదు. తాత జ్యేష్ఠంలోనే ఎక్కి ఉప్పు దించి వచ్చేవాడు. ఆషాఢ శ్రావణాల్లో ఉప్పు ఉన్న సావుకారి ఎవడో ఊళ్ళు గుర్తుపెట్టుకుంటాయని ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు.

ఆ రెండు నెలల్లోనే గింజ కూడా నిండుకుంటుంది. అప్పుడు ధాన్యం నాగుకి ఇచ్చేవాడు. ఇచ్చింది కుంచమైతే పుష్యమాసంలో కుంచంన్నర కొలవాలి. ఆరు నెలలకి సగానికి సగం వడ్డీ అన్నమాట. అది చాలక కొలతలో ఇంకో మెలిక ఉండేది. తీసుకునేటప్పుడు కుంచం మీద గోపురం నిలిచేదాకా పోయించేవాడు. ఇచ్చేటప్పుడు అంచు మీద కర్ర గీసి సమం చేసేవాడు. నిరుడు ఒక అటక మీద ఆ కుంచం దొరికితే నీళ్ళు పోసి చూశాను, కొలత సరిగ్గానే ఉంది. మోసం కుంచంలో లేదు, చేతిలో ఉంది. కొండమీద తిరిగిన వర్తకుల్లో కొందరు కొనడానికి ఒక కుంచం, అమ్మడానికి ఒక కుంచం పెట్టుకునేవాళ్ళని పాత నివేదికలు రాశాయి. తాతకి ఆ అవసరం పడినట్టు లేదు.

మరి అంత తెలిసీ ఊళ్ళు ఆయన్నే ఎందుకు నమ్ముకున్నాయి? కొసరు వల్ల. కొలిచాక చివర ఒక గుప్పెడు ఉప్పు, పిల్ల చేతిలో బెల్లంముక్క, ముసలాయనకి ఒక పొగాకు కాడ. ఊళ్ళో పెళ్ళయితే కొత్త గుడ్డ, ఊరిపెద్దకి ఏడాదికో తలపాగా. ఇటుకల పండగకి మగవాళ్ళు వేటకి వెళితే సంతలో వాళ్ళ ఆడవాళ్ళకి బాకీ గుర్తు చేయకపోవడం. చింతపండు కొత్త, మామిడి కొత్త పండగలు ఏ ఊళ్ళో ఎప్పుడో ఆయనకి కంఠతా వచ్చు. ఆదివాసీ ఒడియా మాట్లాడేవాడు, కువి భాషలో బేరమాడేవాడు. పేరు పేరునా పలకరించేవాడు, పుస్తకంలోనే పేర్లు లేవు. కొసరు విలువ అంతా కలిపి నాగు వడ్డీలో పదోవంతు కూడా కాదని నేను పెద్దయ్యాక లెక్కగట్టాను. అయినా ఆ పదోవంతే మనసులో నిలిచింది. డెబ్భై ఏళ్ళు దాటిన ఒక బగత తెగ దొర నాతో మా తాత గురించి ఇప్పటికీ మంచిగానే మాట్లాడతాడు. నాకు సిగ్గూ వేస్తుంది, కాస్త గర్వమూ కలుగుతుంది.

ఈ బంధం అన్నిచోట్లా ఇంత మెత్తగా లేదు. 1879లో రంప ఫితూరీ లేవడానికి కల్లు మీద పన్ను ఒక కారణమైతే, పల్లపు వర్తకులు కోర్టు డిక్రీలు పట్టుకొచ్చి పశువుల్నీ పంటనీ తోలుకుపోవడం ఇంకో కారణం. చదువు రానివాడి నిశానీ, వాడెప్పుడూ చూడని ఊళ్ళో కచేరీ, వాడు వెళ్ళని వాయిదా. అప్పు తీర్చలేనివాడు సావుకారి ఇంట జీతానికి ఉండేవాడు, వాడి తరవాత కొడుకు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదిలీ చట్టం తెచ్చింది. వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదు, మొత్తం వడ్డీ అసలుని మించకూడదు, కొండవాడి భూమి కొండవాడు కానివాడికి పోకూడదు. రాత బాగుంది. కుంచంన్నర లెక్క ఏడాదికి నూటికి నూరవుతుందని గూడెం కొండల్లో ఎవరు ఎవరికి చెప్పాలి? అయిదేళ్ళకే 1922లో మళ్ళీ తిరుగుబాటు. దానికి అడవి ఆంక్షలు, పోడు నిషేధం, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు కూలీలకి చేసిన అన్యాయం దగ్గరి కారణాలు. అల్లూరి సీతారామరాజు దళం ఆ ఆగస్టు 22న చింతపల్లి, 23న మా కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. రాజు సమాధి మా ఊళ్ళోనే ఉంది. ఆ రెండేళ్ళూ మా ముత్తాత కొండెక్కలేదట. ఎక్కకపోవడానికి కారణం ఇంట్లో ఎవరూ వివరంగా చెప్పేవాళ్ళు కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు ప్రభుత్వం పంపిన ప్రత్యేకాధికారి మలయప్పన్ ఏజెన్సీ అంతా చూసి నివేదిక ఇచ్చాడు. వర్తకుడి మీద నిషేధాలు పెడితే చాలదు, వాడు చేసే పని ఇంకెవరైనా చేయాలన్నది అందులోంచి తేలిన సంగతి. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఆంధ్ర షెడ్యూల్డు తెగల సహకార ఆర్థిక, అభివృద్ధి సంస్థ పుట్టింది. నోరు తిరగని ఆ పేరు పోయి గిరిజన సహకార సంస్థ అయింది, అందరి నోట జీసీసీ. కింద ప్రాథమిక సంఘాలు, వాటిలో గిరిజనులు వాటాదారులు. ఆ సంఘాల కింద డిపోలు. నిత్యావసరాలు (డొమెస్టిక్ రిక్వైర్‌మెంట్స్) అమ్మే డిపో కాబట్టి డి.ఆర్. డిపో అన్నారు. అక్కడే ఉప్పు, కిరసనాయిలు, గుడ్డ అమ్మేవాళ్ళు, అక్కడే చింతపండు, తేనె, జిగురు, కుంకుడు, కరక్కాయ, అడ్డాకు, కొండచీపుర్లు కొనేవాళ్ళు. సావుకారి దుకాణం ఎలా ఉందో అలాగే, రెండు చేతుల బేరమూ ఒక్క గుమ్మంలో. దీన్ని రూపుకట్టిన వాళ్ళెవరో గాని కొండ వ్యాపారం కిటుకు బాగా పట్టుకున్నారు.

సహకార దుకాణం అనగానే అందరూ చెప్పేది ఇంగ్లండులో రాచ్‌డేల్ ఊరు. 1844 డిసెంబరులో 28 మంది, నేతపనివాళ్ళూ ఇతర చేతిపనివాళ్ళూ, చందాలేసుకుని పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు పెట్టి దుకాణం తెరిచారు. కల్తీ లేదు, తూకం తగ్గించేది లేదు. లాభాన్ని వాటాల సొమ్మును బట్టి కాకుండా ఎవరు ఎంత సరుకు కొన్నారో దాన్ని బట్టి పంచారు. మన దక్షిణాదిన 1904లో మద్రాసు ట్రిప్లికేన్‌లో గుమాస్తాలూ పంతుళ్ళూ అదే పద్ధతిలో దుకాణం పెట్టుకున్నారు. రెండు చోట్లా సభ్యులు కొనేవాళ్ళే. పైగా చందా వాళ్ళది, దుకాణం వాళ్ళది, తెరవాలన్న ఆలోచనా వాళ్ళది. మన కొండల్లో సంస్థ ముందు వచ్చింది, సభ్యులు తరవాత వచ్చారు. వాటా డబ్బు ఎందుకు కట్టించుకుంటున్నారో, అది తిరిగి ఏ రూపంలో వస్తుందో గుమ్మంలో నిలబడ్డ మనిషికి విడమరిచి చెప్పిన సందర్భాలు తక్కువ. సర్కారు ఇచ్చింది, సర్కారుది అనుకున్నారు. ఆ అనుకోవడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అయినా కాటా వచ్చింది. దీన్ని చిన్న సంగతి అనుకోకూడదు. 1956 డిసెంబరులోనే దేశమంతటికీ మెట్రిక్ తూనికల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు. కొండమీద కుంచం పోయి కిలో వచ్చిన రోజులూ డిపోలు పాదుకున్న రోజులూ ఒకటే. కుంచం ఎంత నిండాలో కొలిచేవాడి చెయ్యి చెబుతుంది. కాటా ముల్లు మధ్యలో నిలిచిందో లేదో ఇద్దరికీ కనిపిస్తుంది. ముల్లు నిలిచేదాకా ఆగమని అనడానికి చదువు అక్కర్లేదు. డిపో గోడ మీద నల్లబల్ల, దాని మీద సుద్దముక్కతో ఆ రోజు కొనుగోలు ధరలు. నేను మూడో తరగతిలో ఉండగా సంతకొచ్చిన ఒకావిడ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ బల్ల చదివించుకుంది. నేను చదివిన చింతపండు ధర విని, బల్ల కేసి కాసేపు చూసి, తలూపి, నా జేబులో రెండు ఉసిరికాయలు వేసి వరసలోకి వెళ్ళింది. నేను సంపాదించిన మొదటి ఫీజు అదే.

తాత డిపోని చూసి మొదట నవ్వాడట. "అప్పివ్వరు, ఎండుచేపలు పెట్టరు, సెలవురోజు తలుపు తియ్యరు, ఎవరొస్తారు?" అన్నాడని నాన్న చెప్పేవాడు. సగం నిజమే. జీసీసీ తరవాత పంట రుణాలు ఇచ్చింది గాని శ్రావణమాసం అర్ధరాత్రి పిల్లకి జ్వరమొస్తే అయిదు రూపాయలు ఇచ్చే చెయ్యి కాదు అది. తీసుకునే సరుక్కి వెంటనే డబ్బు చేతిలో పెట్టడం మాత్రం సావుకారి ఎన్నడూ చేయనిది. డబ్బు చేతికొస్తే మనిషి ఎదురు దుకాణానికి వెళ్ళగలడు. పద్దు మిగిలితే మళ్ళీ అక్కడికే రావాలి. అయిదారేళ్ళలో తాత కూడా చింతపండుకి సంతధర కట్టడం మొదలెట్టాడు. డిపోకి ఒక్క పండూ అమ్మని ఊళ్ళు కూడా డిపో ధర పేరు చెప్పి ఆయన్ని అడిగాయి మరి. ఈ లాభం ఏ వార్షిక నివేదికలోకీ ఎక్కదు.

ఇంతలో సీలేరే మారిపోయింది. మాచ్‌ఖండ్ నీళ్ళు కిందికి వచ్చి సీలేరు అయ్యే చోట, ఆంధ్ర, ఒడిశాల హద్దు మీద, ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం పని 1960ల్లో సాగింది. మొదటి రెండు యూనిట్లు 1967, 68ల్లో తిరిగాయి. ఒక్కోటి 60 మెగావాట్లు. తరవాత డొంకరాయి, మోతుగూడెం వైపు దిగువ సీలేరు. శ్రీకాకుళం నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కూలీలు, ఫిట్టర్లు, డ్రైవర్లు, ఇంజనీర్లు వచ్చారు. గుడారాలు పోయి క్వార్టర్లు లేచాయి. జీతం రోజు తరవాత వచ్చే సంత రంగు వేరు. అప్పటిదాకా సరుక్కి సరుకు మారిన చోట జీతపు నోట్లు పడ్డాయి. కాలనీ ఆడవాళ్ళు తేనె, కుంకుళ్ళు, చీపుర్లు, అల్లం కొండవాళ్ళ దగ్గరే కొనేవాళ్ళు. మా అమ్మకి పసుపు తెచ్చే ఆవిడ ఒకరుండేది, ఐస్ గెడ్డ వైపు నుంచి. అమ్మ ఇంకెవరి దగ్గరా కొనేది కాదు, ఆవిడ మా ఇంటికి రాకుండా సంతలో మూట విప్పేది కాదు. మధ్యలో సావుకారీ లేడు, డిపో లేదు. నది అవతలి మల్కనగిరి ఊళ్ళవాళ్ళూ పడవల్లో దాటి వచ్చేవాళ్ళు. వాళ్ళకి ఇవతలి డిపోలో సభ్యత్వం లేదు, ఇవతలి సంతే వాళ్ళ సంత. 

1960ల చివర శ్రీకాకుళం కొండల్లో సాయుధ పోరాటం లేచింది. దానికి కారణాలు వెతికినవాళ్ళకి మళ్ళీ సావుకారే కనిపించాడు, తొంభై ఏళ్ళ కింద రంపలో కనిపించినట్టే. అప్పుడు ప్రభుత్వం వరసగా కదిలింది. 1959 నాటి భూబదిలీ నిబంధనని 1970లో బిగించారు, దాన్నే అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. పాత అప్పుల నుంచి ఊరటకి ఒక నిబంధన వచ్చింది. 1970ల మధ్య సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు వచ్చాయి, మాకు పాడేరు ఐటీడీఏ. వాటి వెనక 1979లో షెడ్యూల్డు ప్రాంతాల చిన్న తరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నిబంధన. అడవి సరుకు కొనే హక్కు ఇక జీసీసీ ఒక్కదానిదే. ఇంకెవడు కొన్నా నేరం.

దీని మీద నా అభిప్రాయం వినడానికి ముందు సంతలో ఒక మనిషిని ఊహించుకోండి. ఆవిడ కావిట్లో ఒక పక్క చింతపండు, ఒక పక్క పసుపు. చింతపండు అడవి సరుకు, చెట్టు ఆవిడ ఇంటి వెనకదే అయినా సరే డిపోకే ఇవ్వాలి. పసుపు పొలం సరుకు, ఎవరికైనా అమ్మొచ్చు. పసుపు దగ్గరికి నలుగురు బేరగాళ్ళు వస్తారు. ఆవిడ ఒకణ్ణి తిట్టి, ఇంకొకణ్ణి తరిమి, మూడోవాడి దగ్గర కొసరు లాగి అమ్ముతుంది. చింతపండు దగ్గర నోరు విప్పడానికేమీ లేదు. బల్ల మీద ఉన్నదే ధర. ఆ ధర మంచిదైన ఏళ్ళు ఉన్నాయి. ముఖ్యంగా బయట ధర పడిపోయిన ఏడు డిపో నిలబడి కొనడం నాకు తెలుసు, అది పెద్ద ఆసరా. బయట ధర పెరిగిన ఏడు మాత్రం సరుకు చీకట్లో నది దాటేది. సావుకారిని కట్టడి చేయడానికి పుట్టిన నిబంధన సభ్యుణ్ణి కూడా కట్టేసింది. వదిలిపోగలిగే మనిషినైతే దుకాణం బతిమాలుతుంది. ఎక్కడికీ పోలేనివాణ్ణి ఎందుకు బతిమాలుతుంది? అప్పటి పరిస్థితుల్లో ఆ నిబంధన అవసరమేనని నేను ఒప్పుకుంటాను. ఒక పదేళ్ళకి పెట్టి ఊళ్ళని మళ్ళీ అడిగి ఉంటే బాగుండేదని కూడా అంటాను.

గుత్తాధిపత్యం ఉన్న కాలంలోనే జీసీసీ చేసిన మంచిపని ఒకటుంది. దాన్ని నేను ఎక్కడ వీలైతే అక్కడ చెబుతాను. తపసి జిగురు. కొండ రాళ్ళ మధ్య తెల్లటి బెరడుతో, ఆకులు రాల్చుకుని నిలబడే తపసి చెట్టుకి గాటు పెడితే జిగురు కారి గడ్డకడుతుంది. దాన్ని మందుల్లో విరేచనకారిగా, కట్టుడు పళ్ళు అంటించడానికి, తినుబండారాలు చిక్కబరచడానికి అమెరికా, యూరపు దేశాలు కొంటాయి. ప్రపంచానికి వెళ్ళేది ఎక్కువగా మన దేశం నుంచే. పాత పద్ధతిలో గొడ్డలితో లోతుగా నరికేవాళ్ళు. ఆ ఏడు జిగురు బాగా వచ్చేది, కొన్నేళ్ళకి చెట్టు చచ్చేది. రాలిన జిగురులో బెరడు, మట్టి, చీమలు. అన్నీ కలిపి ఒకటే ధర కడితే శుభ్రం చేయాలని ఎవరికుంటుంది?

మార్పు ధర దగ్గర మొదలైంది. తెల్లగా, శుభ్రంగా ఉన్నదానికి మొదటి రకం ధర, పచ్చగా ఉంటే రెండోది, నల్లబడితే మూడోది. ఆ వెనక శిక్షణ. గొడ్డలి మానేసి చిన్న పనిముట్టుతో పైపైన చిన్న గాటు, గాటుకీ గాటుకీ ఎడం, చెట్టుకి విశ్రాంతి, కింద పడకుండా పట్టుకోవడం, నీడలో ఆరబెట్టడం, బెరడు ముక్క చాకుతో గీకేయడం. ఇవి నేర్పిన చోట ఒకే చెట్టు నుంచి ఏళ్ళ తరబడి మొదటి రకం వచ్చింది. సంస్థకి ఎగుమతికి పనికొచ్చే సరుకు దొరికింది, తీసినవాడికి ఎక్కువ డబ్బు, చెట్టుకి ప్రాణం. జిగురు తీసేవాళ్ళు ఒకరి సరుకు ఒకరు చూసి వెక్కిరించుకోవడం, నేర్చుకోవడం మొదలైంది. "నీది మూడో రకం మొహంరా" అని పిల్లలు తిట్టుకోవడం నా తరగతిలో విన్నాను. సభ్యత్వం అంటే వాటా రసీదు అనుకున్నన్నాళ్ళూ సంఘం పుట్టలేదు. పనిలో పోటీ, పనిలో పరువు వచ్చినప్పుడు పుట్టింది.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. డిపో రేషను దుకాణం కూడా అయింది. కొండమీద ఆకలి నెలలు పొట్టివయ్యాయి, నాగు అప్పు దానంతటదే సన్నబడింది. సావుకారిని అన్ని చట్టాలూ కలిసి చేయలేని పని బియ్యం బస్తా చేసిందంటే అతిశయోక్తి కాదు. అయితే వాటాదారు కాస్తా కార్డుదారు అయ్యాడు. డిపో అంటే ఇచ్చే చోటు, మనం వెళ్ళి తెచ్చుకునే చోటు.

ఇక కాఫీ. చింతపల్లి నుంచి సీలేరు వచ్చే బస్సు గూడెం కొత్తవీధి దాటాక ఆర్.వి.నగర్ దగ్గర అటవీ అభివృద్ధి సంస్థ కాఫీ తోటల్లోంచి వస్తుంది. సిల్వర్ ఓకు నీడ, ఆ చెట్లకి పాకిన మిరియాల తీగ. ఆ తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళే పని నేర్చుకుని, ఐటీడీఏ ఇచ్చిన మొక్కలతో సొంత పోడు భూముల్లో కాఫీ వేశారు. కాఫీ అడవి సరుకు కాదు, పొలం సరుకు. అంటే పసుపు లాగా, ఎవరికైనా అమ్మొచ్చు. నా లెక్కలో ఈ ఒక్క తేడాయే తరవాతి కథంతా నడిపింది.

1995లో రాష్ట్రం పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. ప్రభుత్వ వాటా లేకుండా, రిజిస్ట్రారు పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘం పెట్టుకోవచ్చు. కొండమీద వీటిని అందరూ మ్యాక్స్ అంటారు. అరకు వైపు నాంది ఫౌండేషన్ తోడుతో చిన్న, సన్నకారు గిరిజన కాఫీ రైతుల సంఘం 2007లో ఏర్పడింది. రైతులు ఎర్రగా పండిన కాయ మాత్రమే కోసి తెస్తారు, పచ్చికాయ కలిస్తే సంఘం వెనక్కి పంపుతుంది. అందరి కాయా ఒక్కచోట తొక్క తీసి ఆరబెడతారు. ఏటా రైతుల కాఫీని విదేశాల నుంచి వచ్చిన రుచి నిపుణులు చప్పరించి చూసి, మంచిది పండించినవాళ్ళకి బహుమతులిస్తారు. తపసి జిగురు దగ్గర జరిగిందే ఇక్కడ పెద్ద ఎత్తున జరిగింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా చింతపల్లి, గూడెం వైపు కూడా రైతు సంఘాలు, జీసీసీ కొనుగోలు, సేంద్రియ ధ్రువపత్రాలు వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం అడవి సరుకు మీద హక్కు సేకరించేవాళ్ళదేనంది, కాబట్టి 1979 నాటి ఏకైక హక్కుకి వెనకటి బలం లేదు. విశాఖపట్నంలో గిరిజన్ తేనె సీసా, అరకు కాఫీ పొట్లం అడిగి కొనేవాళ్ళు ఇప్పుడొక గుంపు. వాళ్ళూ కొండవాళ్ళూ ఒకరికొకరు తెలియరు. మా అమ్మా పసుపావిడా ఒకరికొకరు తెలిసినట్టు తెలియరు, అయినా తేనెలో బెల్లప్పాకం కలిపితే ఆ గుంపు నిలవదని ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు జనవరిలో ఆర్.వి.నగర్ చుట్టుపక్కల కాఫీ కొనేవాళ్ళు ఒకరు కాదు. జీసీసీ ఉంది, రైతు సంఘం ఉంది, వ్యాను వేసుకుని వచ్చే ప్రైవేటు బేరగాడు ఉన్నాడు. బేరగాణ్ణి చూసి కొందరు ఉద్యోగులు మళ్ళీ సావుకారొచ్చాడని భయపడతారు. నాకు అంత భయం లేదు. రైతు ఫోను తీసి మూడు చోట్లా ధర కనుక్కుని కాని తోట దిగడు. సంఘం సమావేశంలో అడిగేవి కూడా మారాయి. తొక్క తీసే పల్పర్ మిషను ఎప్పుడిస్తారు, టార్పాలిన్లు చాలలేదేం, సంక్రాంతికి ముందు అడ్వాన్సు ఉందా లేదా, నిరుటి బోనసు కిలోకి ఎంత చొప్పున కట్టారో చదివి వినిపించండి. వినిపించేదాకా కూర్చుంటారు. నా దగ్గర అయిదో తరగతి చదివిన ఒకమ్మాయికి ఇప్పుడు ఎకరంన్నర కాఫీ ఉంది, సంఘంలో డైరెక్టరు కూడా. ఈ ఏడు ఆవిడ పార్చ్‌మెంట్, అంటే తొక్క తీసి ఆరబెట్టిన గింజ, మూడింట రెండు వంతులు సంఘానికి వేసింది, బోనసు కోసం. మిగిలింది జీసీసీకి ఇచ్చింది, వాళ్ళ దగ్గర తీసుకున్న పంట రుణం ఉంది. తొక్కతోనే ఎండబెట్టిన చెర్రీ సంతలో బేరగాడికి అమ్మి పిల్లల బట్టలు కొంది. మిరియాలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి, హోలీ దాటాక ధర లేస్తుందని ఆవిడ అంచనా.